చెంబు అడుగున చేదు

గంగకి చలి వచ్చే ముందు గోళ్ళు నీలంగా మారతాయి. అందరూ ఒళ్ళు పట్టుకుని చూస్తారు, నేను గోళ్ళు చూస్తాను. లేవగానే చూస్తాను, నీళ్ళకి వెళ్ళబోతూ చూస్తాను, అది నిద్రపోతుంటే చెయ్యి వెలుతురులోకి లాగి చూస్తాను.

"నా వేళ్ళు ఎక్కడికీ పారిపోవమ్మా, వదులు" అంటుంది.

ఆరేళ్ళ పిల్ల. నోరు మాత్రం మా అత్తది.

రోజు విడిచి రోజు జ్వరం. ఎండ మా గుమ్మం దాటి లోపలికి పాకే వేళకి గోళ్ళు నీలం. తర్వాత పళ్ళు టకటకలాడతాయి. గోనెపట్టా, నా చీర, వాళ్ళ నాన్న పంచె, అన్నీ కప్పినా వణుకు ఆగదు. ఆ పైన ఒళ్ళు పెనంలా కాలుతుంది. సాయంత్రానికి చెమట పట్టి, పిండేసిన బట్టలా పడి ఉంటుంది. మర్నాడు ఏమీ ఎరగనట్టు లేచి మట్టిలో ఆడుకుంటుంది. ఆ మర్నాడే నాకు ఎక్కువ భయం. జ్వరం ఉన్నరోజు జ్వరాన్ని చూస్తూ కూర్చుంటాను. లేని రోజు ఏమేం రావచ్చో అన్నీ చూస్తూ కూర్చుంటాను.

ఈ జ్వరం నాకు తెలుసు. మాడుగుల దగ్గర కొండ కింద మా ఊళ్ళో దీన్ని మన్యం జ్వరం అంటారు. మా పెద్దవాణ్ణి ఇదే తీసుకుపోయింది. వాడికి కడుపులో ఎడమవైపు బల్ల పెరిగింది. చెయ్యి వేస్తే రాయిలా తగిలేది. వాడు పోయాక ఆ ఊరి గాలే పడలేదు నాకు. నా పెనిమిటి మునియ్య గిర్మిట్ కాగితం మీద, అయిదేళ్ళ కూలి ఒప్పందం మీద, వేలిముద్ర వేశాడు. రెండో వాచకం దాకా చదువుకున్నదాన్ని కాబట్టి నేను ద్రౌపది అని సంతకమే పెట్టాను. సముద్రం దాటితే జ్వరం దాటి రాదనుకున్నాం. అది గంగ ఒంట్లో దాక్కుని మాతోపాటే ఓడెక్కింది.

ఫిజీలో దిగాక మమ్మల్ని సబేటో లోయలో లోపలికంటా ఉన్న ఒక చెరకు ఎస్టేటుకి పంపారు. అక్కడికి డాక్టరు దొర వారానికోసారి గుర్రం మీద వస్తాడు. ఆయన గంగ నాలిక చూసి, కళ్ళు చూసి, "ఈ దీవుల్లో చలిజ్వరం లేదు. ఇక్కడి దోమలకి ఆ విషం లేదు" అన్నాడట. మా కూలీల మేస్త్రీ, సర్దార్ రామ్ లాల్ ఆ మాట మాకు చెప్పాడు. నిజమే అయ్యుంటుంది. మేమున్న కూలీల వరసగదుల్లో, లైనులో, ఇంకెవరికీ రాలేదు. కానీ ఇక్కడ లేకపోతే అక్కడినుంచి తెచ్చుకోకూడదా? ఇత్తడి చెంబు తెచ్చుకోలేదా మేము? నులిపురుగులని ఆముదం తాగించారు. పిల్ల నీరసపడింది, పురుగులు పడలేదు, జ్వరం తన వంతు తప్పలేదు.

ఆస్పత్రిలో మందులు పోసే మునస్వామి మాత్రం దీన్ని గుర్తుపట్టాడు. చిత్తూరు వైపు మనిషి. గంగ వణుకు చూడగానే, "ఇది నాకు తెలుసు మా. మా నాయన దీంతోనే పోయినాడు" అన్నాడు. బీరువాలో చలిజ్వరాన్ని దించే కొయినా పొడి డబ్బా ఉంది. ఏ జ్వరానికైనా దాన్ని కాస్త నీళ్ళలో కలిపి సీసాలో పోసి ఇవ్వడం అక్కడి అలవాటు. మాకూ ఒక సీసా ఇచ్చాడు. "బాగా కదిపి తాగించు" అన్నాడు.

కొయినా అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఊళ్ళో అది దొరికిన ఇళ్ళలో పిల్లలు బతికారని విన్నాను. మాకు దొరకలేదు.

సీసా కదిపి చెంబులోకి వంచి ఇచ్చాను. గంగ ఒక గుక్క తాగి, మొహం వికారంగా పెట్టి, కక్కేసింది. మళ్ళీ పట్టాను. మళ్ళీ కక్కింది. గదికీ గదికీ మధ్య చెక్క గోడ కప్పుదాకా ఉండదు మా లైనులో, పైన కోళ్ళకి కట్టే తీగ వల ఉంటుంది. ఒక గదిలో దగ్గితే మూడో గదిలో "ఆరోగ్యమేనా" అంటారు. పక్కగది బసంతి గోడ అవతలినుంచి అరిచింది. ఆవిడ పైదేశం మనిషి, ఉత్తరాదిది, లైను హిందీలోనే మాట్లాడుతుంది. నేను అర్థం చేసుకున్నంత ఇక్కడ రాస్తున్నాను.

"అరే బహినీ, పిల్లని చంపుతావా ఏంటి? టీలో కలిపి ఇవ్వు. బోలెడు చక్కెర వెయ్యి."

మా ఊళ్ళో టీ అన్నది మేము ఎరగం. ఓడెక్కేముందు కూలీలని ఉంచే డిపోలో, ఓడలో నేర్చుకున్నాం. బసంతి వేడి టీ తెచ్చి తనే కలిపింది. టీ మురికినీళ్ళలా మసకబారి, ముద్దలు ముద్దలుగా ఏదో కిందికి దిగింది. గంగ పైపైన తాగింది. కక్కలేదు.

"చూశావా? చేదే లేదంటోంది" అని బసంతి చేతులు దులుపుకుంది. మునియ్య కూడా నవ్వాడు. ఆయన నవ్వి చాలా రోజులయింది.

నేను నవ్వలేకపోయాను. చేదు మందులో చేదు లేదంటే, ఆ చేదు ఎక్కడికి పోయినట్టు?

ఎండ గుమ్మంలోకి వచ్చేసరికి గోళ్ళు నీలంగా మారాయి.

అలా ఎన్ని వంతులు గడిచాయో. ఒకసారి నీళ్ళతో, ఒకసారి టీతో. గంగ చేతులు చీపురుపుల్లల్లా అయ్యాయి. ఒకనాడు స్నానం చేయిస్తూ కడుపు మీద ఎడమవైపు చెయ్యి వేశాను. గట్టిగా ఏదో తగిలింది. పెద్దది కాదు. పిల్లకి చెప్పలేదు, మునియ్యకి చెప్పలేదు. బయటికి వెళ్ళి కుడితి తొట్టి దగ్గర కూర్చుని ఏడ్చి వచ్చాను.

అదే వారం రామ్ లాల్ వచ్చి చెప్పాడు. నేను మాటిమాటికీ పని ఎగ్గొడుతున్నానని కులంబర్ కోపంగా ఉన్నాడట. కులంబర్ అంటే మా ఎస్టేటు మీద అజమాయిషీ చేసే తెల్లదొర. ఈసారి జ్వరం వస్తే పిల్లని ఆస్పత్రి వార్డులో పెట్టేస్తారట. వార్డుకి తాళం వేస్తారు. తల్లి ఆదివారం మాత్రమే చూడాలి. ఆ వార్డులోకి నడిచి వెళ్ళి దుప్పట్లో వచ్చిన పిల్లలని నేను చూశాను.

"పిల్లకీ మంచిది, చెరకులో నువ్వు తియ్యాల్సిన గడ్డికీ మంచిది" అన్నాడు రామ్ లాల్. వాడు చెడ్డవాడని అనను. కులంబర్ ఎలా ఉరిమితే వాడు అలా ఉరుముతాడు, అంతే.

ఆ రోజు జ్వరం దిగాక, పొద్దు వాలుతుండగా చెంబు తోమడానికి కూర్చున్నాను. ఆ పూట మందు నీళ్ళలో కలిపి పట్టాను. చెంబు అడుగున తెల్లగా, సున్నం అట్టుకట్టినట్టు ఏదో పట్టి ఉంది. ఇసుకతో రుద్దితే పోలేదు. రేషన్లో ఇచ్చిన చింతపండు ఉంది. ఇత్తడికి చింతపండే కదా మనకి. నానేసిన చింతపండు పిండి, చెంబులో వేసి వేళ్ళతో రుద్దాను. తెల్లది నా కళ్ళముందే మాయమైపోయింది. రాలలేదు, కరిగిపోయింది. ఆ నీళ్ళు చింది నా పెదవి మీద పడ్డాయి.

అబ్బ! చేదు అంటే చేదా అది. నాలిక నుంచి చెవి దాకా పాకింది.

చెంబు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. మందు ఇన్నాళ్ళూ పిల్ల ఒంట్లోకి పోలేదు. చెంబు అడుగున కూర్చుంది. పిల్ల పైన తేరిన నీళ్ళు తాగింది, ఆ తాగిందీ సగం కక్కింది. మిగిలింది నేనే రోజూ శుభ్రంగా తోమి కాలవలో పోస్తున్నాను.

ఆ చింతపండు నీళ్ళు పారబొయ్యడానికి మనసు రాలేదు. కొబ్బరి చిప్పలో పోసి చూరు కింద దాచాను. మర్నాడు చూస్తే పైన నురగ, చుట్టూ ఈగలు, పులిసిన వాసన. పైగా బురదలా ఉంది, అందులో పొడి కరిగిందో లేదో ఎవరికి తెలుస్తుంది? దాన్ని పారబోసి పొలానికి వెళ్ళాను. చేతులు గడ్డి తీస్తున్నాయి గానీ కళ్ళు ఆస్పత్రి రేకుల మీదే ఉన్నాయి. చివరికి గడ్డి చెక్కే తొలిక కింద పడేసి వరస దాటి నడిచాను.

"ఏయ్ మదరాసిన్!" రామ్ లాల్ అరిచాడు. "ఎక్కడికి? గడ్డి నీ కోసం ఆగుతుందా?"

"ఆగుతుంది. జ్వరం ఆగదు."

"కులంబర్‌తో చెబుతాను!"

"చెప్పు. నా పేరు సరిగ్గా చెప్పు, ద్రౌపది అని. మదరాసిన్ అంటే ఇక్కడ చాలామందిమి ఉన్నాం."

ఆ మాట అన్నానే గానీ దారంతా అవే ఆలోచనలు. కోర్టు, జైలు, నేను జైల్లో ఉండగా గంగకి చలి, దుప్పటి కప్పేవాళ్ళు లేరు... ఆస్పత్రి గుమ్మం చేరేలోపల నేను మనసులో పిల్లని ఒకసారి పోగొట్టుకున్నాను కూడా.

మునస్వామి సీసాలు కడుగుతున్నాడు.

"అన్నా, మందు నీళ్ళలో కరగటం లేదు."

"కరగదు మా. దాని గుణమే అంత. కదిపి తాగించమని చెప్పినా కదా."

"కదిపితే లేస్తుంది. పిల్ల నోటి దాకా వెళ్ళేలోపల మళ్ళీ కూర్చుంటుంది. నీళ్ళు పిల్ల తాగుతోంది, మందు చెంబు తాగుతోంది."

ఆయన సీసా కింద పెట్టాడు. "టీలో పోసిస్తా ఉన్నారంట గదా? లైనులో చెప్పుకుంటా ఉంటే విన్నా. టీ పోస్తే పాలు విరిగినట్టు విరిగిపోతాది మా అది."

"నీళ్ళలో కరగదు, టీలో విరుగుతుంది. మరెలా తాగించడం?"

"డాక్టరు దొర మొదట్లోనే చెప్పినాడు, సీసాలో ఆసిడ్ చుక్కలు వెయ్యమని. ఆ చుక్కలు పడితే పొడి కనపడకుండా పోతాది. నీళ్ళు గాజు మాదిరి అవుతాయి. ఆసిడ్ అయిపోయి ఎన్నాళ్ళో అయింది. అడిగితే పట్నం సువా నుంచి రావాలంటారు. కూలీల సీసాకి తొందరపడేది ఎవురు?"

"ఆసిడ్ అంటే?"

"పులుపు మా. ఒట్టి పులుపు. బట్ట మీద పడితే బట్ట పోతాది, అంత పులుపు."

"పులుపు నా దగ్గర ఉంది" అన్నాను.

ఆయన నా వైపు చూసి, తలుపు వైపు చూశాడు. ఆయనా మనవాడే. జ్వరంలో పులుపు తగలకూడదని ఆయన తల్లి కూడా చెప్పే ఉంటుంది. లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. తర్వాత డబ్బా తీసి, తడి తగలని పొడి రెండు పొట్లాలు కట్టాడు.

"ఒకటి ఈ సాయంత్రం, ఒకటి రేపు పొద్దున్నే, చలి రాకముందే. నేను చెప్పలా, నువ్వు వినలా. ఇంకోటి విను. ఇన్నాళ్ళూ చెంబు తాగిందంటివే, ఇప్పుడు అంతా బిడ్డ ఒంట్లోకే పోతాది. చెవులు హోరంటాయి. దానికి బెదరద్దు. మాట తిరగబడి, పొంతన లేకుండా మాట్లాడితే మాత్రం ఎత్తుకుని పరిగెత్తుకుంటా రా. కలిపింది కలిపినట్టు తాగించెయ్యి, దాచద్దు. ఎండలో అసలు పెట్టద్దు, రంగు తిరిగిపోతాది."

పొట్లాలు కొంగున ముడేసుకున్నాను. చెవులు హోరెత్తితే బెదరద్దు, మాట తిరగబడితే బెదురు. దారంతా అదే అనుకుంటూ నడిచాను. ఒకదానికొకటి మారిపోతే ఏం చెయ్యాలి?

నది అవతల కైవీతి ఊరు ఉంది, ఈ దీవి అసలు మనుషుల ఊరు. అక్కడినుంచి ఒక పెద్దావిడ బుట్టతో లైను దగ్గరికి వస్తుంటుంది. ఆవిడ భాష నాకు రాదు, నాది ఆవిడకి రాదు. ఆవిడ బుట్టలో గరుకు తొక్క నిమ్మకాయలు చూసి చెయ్యి చాపాను. "మోలి" అంది. గంగ వైపు చూపించి వణుకు నటించాను. ఆవిడ నటన పూర్తికానివ్వలేదు, రెండు మోలికాయలు నా చేతిలో పెట్టి నా తల మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

పొద్దుగూకే వేళకి కాయ కోసి రసం పిండుతుంటే మునియ్య పొలం నుంచి వచ్చాడు.

"ఏంటే అది?"

"మందు."

"మందులో నిమ్మకాయా? జ్వరం పిల్లకి పులుపా?" చేతిలో తొలిక అలాగే పట్టుకుని నిలబడ్డాడు. "సంధి కమ్ముతుందే! ఒంట్లో జ్వరం ఉండగా పులుపు తగిలితే ఇంకేమైనా ఉందా? మీ అమ్మ చెప్పలేదూ, మా అమ్మ చెప్పలేదూ?"

గోడ అవతలినుంచి బసంతి అందుకుంది. "ఏమిటీ, పులుపా? మదరాసీలకి పుట్టగానే తేనెకి బదులు చింతపండు నాకిస్తారని విన్నాను గానీ, జ్వరంలో కూడానా! ఓ మునియ్యా, నీ పెళ్ళాం చేతిలోది లాక్కో!"

"నీ టీ నువ్వు తాగు బసంతీ" అన్నాను.

"తాగుతున్నాను. నా టీ ఎవరినీ చంపలేదు."

"ఎవరినీ బతికించనూ లేదు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది, కానీ అనేశాను. మునియ్య దగ్గరికి వచ్చి చిప్ప మీద చెయ్యి పెట్టాడు. గట్టిగా కాదు.

"వద్దే. ఒక్క పిల్ల మిగిలింది."

ఆయనకేం చెప్పను? నాకూ అదే భయం. సంధి ఎలా వస్తుందో, పిల్ల కళ్ళు ఎలా తేలేస్తుందో, ఆయనకన్నా ముందు నేనే చూశాను మనసులో. అయినా చెప్పాను.

"పెద్దవాడికి పథ్యం ఎంత బాగా చేశాం? చారులో చింతపండు లేదు, మజ్జిగ లేదు, పులుపు వాసన తగలనివ్వలేదు. నువ్వు కూడా తినలేదు వాడికోసం. ఒక్క తప్పు చేశామా? చెప్పు, ఎక్కడ తప్పు చేశాం?"

ఆయన చిప్ప వైపే చూస్తున్నాడు.

"గంగకి బల్ల తగులుతోంది" అన్నాను. "ఎడమవైపు. నువ్వే చూసుకో."

చూడలేదు. చిప్ప మీదినుంచి చెయ్యి తీసేసి, బయటికి వెళ్ళి గుమ్మం పక్కన నాకు వీపు చేసి కూర్చున్నాడు.

ఇత్తడిలో పులుపు పోస్తే చిలుము పుడుతుంది. చిలుము కూడా ప్రాణాలు తీస్తుంది. అందుకే కొబ్బరి చిప్పలోనే కలిపాను. మోలి రసంలో పొడి వేసి పుల్లతో తిప్పాను. మొదట తెల్లగా లేచింది. తర్వాత పలచబడింది. ఆ తర్వాత లేదు. వెలుతురుకి పట్టి చూశాను, చిప్ప అడుగు వేలితో తడిమాను. ఒక్క రవ్వ తగల్లేదు. కాసిని నీళ్ళు, చెరకు చక్కెర వేశాను.

"ముక్కు మూసుకో. ఒక్క గుక్క. కక్కావంటే నీతో మాట్లాడను."

"కక్కకపోతే?"

"ఏం కావాలంటే అది."

"అయితే నా గోళ్ళు చూడ్డం మానెయ్యాలి" అంది గంగ. తాగేసింది. మొహమంతా ముడుచుకుపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ కక్కలేదు. పులుపో, చక్కెరో, దాని మొండితనమో, లోపల నిలిచింది.

తెల్లవారింది. అది జ్వరం వంతు రోజు. రెండో పొట్లం కూడా అలాగే కరిగించి తాగించాను. లైనంతా పనికి కదిలింది. మునియ్య తొలిక భుజాన వేసుకుని వెళ్ళాడు. నేను గుమ్మంలో కూర్చున్నాను.

"ఈ రోజు వెళ్ళవా?" బసంతి తన గుమ్మంలోంచి అడిగింది. రాత్రి మాట మనసులో పెట్టుకుందో లేదో మొహం చూస్తే తెలియలేదు.

"వెళ్ళను."

ఆవిడ ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

కాసేపటికి గంగ చాప మీద లేచి కూర్చుంది. "అమ్మా, రైలొస్తోంది."

చెరకు రైళ్ళు మిల్లు తిరిగే రోజుల్లోనే నడుస్తాయి. ఇవి వానాకాలం రోజులు, మిల్లు మూసి ఉంది, పట్టాల మీద గడ్డి మొలిచింది.

"ఏ రైలే?"

"చెరకు రైలు. దగ్గరకొస్తోంది. నీకు వినపడటం లేదా?"

సంధి, అనుకున్నాను. పలవరింత. పులుపు కమ్మింది. మునియ్య అన్నాడు, బసంతి అంది, మా అమ్మ ఎప్పుడో అంది. నా చేతులతో నేనే పోశాను. పిల్లని ఎత్తుకుని లేచాను, ఆస్పత్రికి పరిగెత్తబోయి గుమ్మంలో ఆగిపోయాను. చెవులు హోరంటాయి అన్నాడు. మాట తిరగబడితే రమ్మన్నాడు. ఇది చెవా, మాటా?

"గంగా, మీ నాన్న పేరేంటి?"

"మునియ్య."

"మనం ఏ ఊరినుంచి వచ్చాం?"

"మాడుగుల. పక్కన."

"ఇవి ఎన్ని?" వేళ్ళు చూపించాను.

గంగ నా నుదుటి మీద చెయ్యి వేసింది. "అమ్మా, జ్వరం నీకొచ్చిందా?"

మాట తిరగబడలేదు. మాట ఎప్పటిలాగే నన్ను తిడుతోంది. దాన్ని కింద దించి గోడకి ఆనుకున్నాను. చెవిలో రైలు నడవనీ. మందు చెంబు దగ్గర ఆగకుండా అంతదూరం వెళ్ళిందన్నమాట.

అప్పుడు గుర్రం డెక్కల చప్పుడు వినిపించింది. ముందు రామ్ లాల్, వెనక కులంబర్. దొర గుర్రం దిగకుండానే ఏదో అన్నాడు. రామ్ లాల్ హిందీలోకి మార్చాడు.

"నువ్వు పొలానికి. పిల్ల వార్డుకి. ఇప్పుడే."

"ఈ పూట గడవనివ్వండి."

"దొర అంటున్నాడు, ఈ దేశంలో ఆ జ్వరం లేదని. నువ్వు సాకులు చెబుతున్నావని."

"ఈ దేశంలో నేనూ లేను మొన్నటిదాకా. ఇప్పుడు ఉన్నాను కదా? అలాగే అదీ వచ్చింది. చెప్పు దొరకి."

రామ్ లాల్ అంతా చెప్పలేదనుకుంటాను, కొంచెమే చెప్పాడు. అంతమాత్రానికే దొర మొహం ఎర్రబడింది. కొరడా మోకాలి మీద తట్టాడు. రామ్ లాల్ గుమ్మంలోకి అడుగు వెయ్యబోయాడు. నేను లేచి రెండు చేతులూ రెండు తలుపుచెక్కల మీద వేసి నిలబడ్డాను. నాలాంటి పిరికిది ఆ లైనులో లేదు. బల్లి పడితే అరుస్తాను. కానీ ఆ వేళ ఆ కొరడాని చూస్తుంటే, ఇదొక్కటేనా అనిపించింది. రోజూ నేను మనసులో చూసేవాటి ముందు ఇదెంత?

"కొట్టమను" అన్నాను. "కొట్టాక కూడా ఇక్కడే నిలబడతాను. ఎండ ఈ గడప దాటి లోపలికి వచ్చేదాకా పిల్లని ఎవరూ ముట్టుకోవద్దు. అప్పటికి చలి వస్తే నేనే ఎత్తుకొచ్చి మీ వార్డులో పడుకోబెడతాను. రాకపోతే ఎవరి పని వాళ్ళది."

"నీకు పిచ్చి పట్టింది" అన్నాడు రామ్ లాల్ మెల్లగా. "సమన్లు ఇస్తాడు. కోర్టు."

"ఇవ్వమను."

చెరకు తోట గట్టు మీద ఎవరో వస్తున్నారు. మునియ్య. ఆ రోజుకి కొలిచి ఇచ్చిన పని, టాస్కు, సగంలో వదిలేసి వచ్చాడు. దొరని చూశాడు, నన్ను చూశాడు. వచ్చి గుమ్మం ముందు, నా కాళ్ళ దగ్గర, మోకాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు. దారి పూర్తిగా మూసుకుపోయింది.

దొర కొరడా ఎత్తాడు. మునియ్య తల వంచుకున్నాడే గానీ కదల్లేదు. కొరడా మునియ్య మీద కాక గుర్రం మీద పడింది. దొర గుర్రం తిప్పుతూ ఏదో అరిచాడు.

"ఇద్దరికీ సమన్లు" అన్నాడు రామ్ లాల్. వెళ్ళబోతూ ఆగి, గొంతు తగ్గించి అడిగాడు, "పులుపు పోశావటగా, నిజమేనా?"

"నిజమే."

"రామ్ రామ్" అనుకుంటూ గుర్రం వెనక పరిగెత్తాడు.

ఎండ గడప ఎక్కింది. నేను గంగ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. మాట తప్పినట్టే, కానీ పిల్ల ఊరుకుంది. గోళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎండ చాప అంచు తాకింది. గోళ్ళు ఎర్రగానే ఉన్నాయి. మునియ్య గుమ్మంలోంచే అడిగాడు, "ఏమయింది?" నేను పలకలేదు. పలికితే దిష్టి తగులుతుందని భయం. ఎండ చాప మధ్యకి వచ్చింది. గంగకి చెమట లేదు, వణుకు లేదు, ఒళ్ళు నా ఒళ్ళంత వేడిగానే ఉంది.

"రైలు వెళ్ళిపోతోందమ్మా" అంది. తర్వాత, "ఆకలేస్తోంది" అంది.

మునియ్య లోపలికి వచ్చాడు. పిల్ల ఎడమ పక్కన కడుపు మీద చెయ్యి వేసి చూశాడు, మొదటిసారి. చాలాసేపు అలాగే ఉంచాడు. "ఇంకా ఉంది" అన్నాడు.

"ఒక్కరోజులో పోతుందా? మునస్వామి దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి."

"నేను వెళ్తాను" అన్నాడు. "నువ్వు వంతు చూస్తుండు."

సాయంత్రం గోడ అవతల బసంతి పని నుంచి వచ్చిన చప్పుడయింది. తర్వాత తీగ వల సందులోంచి ఒక మోలికాయ ఇటు దొర్లిపడింది.

"నా దగ్గర కుళ్ళిపోతోంది" అంది. "మదరాసీలకి పనికొస్తుందేమోనని."

కాయ తాజాగా ఉంది. తొడిమ కూడా ఆకుపచ్చగానే ఉంది.

చిప్ప కడగబోయేముందు అడుగు నాలికతో తాకి చూశాను. పులుపు తగిలింది, తీపి తగిలింది, చేదు పేరుకైనా లేదు. అప్పుడు మరో భయం పట్టుకుంది. డబ్బాలో పొడి అయిపోతే? మోలికాయల కాలం దాటిపోతే? వెంటనే రెండు కాయల గింజలు గది వెనక తడిమట్టిలో పాతాను.

తర్వాతి వంతు రోజుకి ముందు రామ్ లాల్ సమన్ల కాగితం పట్టుకుని వచ్చాడు. నంది అనే పట్నంలో కోర్టు, ఫలానా రోజు రావాలి, రాకపోతే పోలీసులు వస్తారు అని చదివి చెప్పాడు. ఆ రోజు ఏదో నేను వేళ్ళ మీద లెక్క చూసుకున్నాను.

"ఏంటి లెక్క? వస్తావా, రావా?"

"నా పని నేను ఎగ్గొట్టిన మాట నిజం. ఎందుకు ఎగ్గొట్టానో మేజిస్ట్రేటు దొరకి చెప్పుకుంటాను. మందు కరిగించిన చిప్ప కూడా తెచ్చి చూపిస్తాను" అన్నాను. "కానీ నువ్వు చెప్పిన రోజు గంగ వంతు రోజు. ఆ రోజు రాను. ఆ మర్నాడయితే వస్తాను, వెళ్ళి చెప్పు."